గర్భసంచి ఆపరేషన్ల అంచనా: ఎవరి అవసరం, ఎవరి లెక్క?

ఏ మహిళకు గర్భసంచి తొలగించాల్సిన అవసరం రావచ్చో ముందుగానే చెప్పవచ్చునా? వైద్య గణాంక రంగంలో ఈ ప్రశ్న ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. వయసు, పెళ్లినాటి వయసు, కాన్పుల సంఖ్య, చదువు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందా లేదా, ఆరోగ్య బీమా ఉందా లేదా, ఊరా పట్నమా అనే వివరాలను కంప్యూటర్‌కు అందిస్తే, ఎవరికి ఆ ఆపరేషన్ జరిగే అవకాశం ఎంత ఉందో అది శాతాల్లో చెబుతుంది. లెక్క వరకు ఇది కష్టమైన పని కాదు. కానీ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల మహిళల బతుకుల పక్కన ఈ లెక్కను పెట్టి చూసినప్పుడు నాకొక మౌలికమైన సందేహం కలుగుతోంది. యంత్రం చెబుతున్నది ఆపరేషన్ అవసరమయ్యే మహిళ గురించా, ఆపరేషన్ జరిగిపోయే మహిళ గురించా? ఈ రెండూ ఒకటి కావు. వీటి మధ్య ఉన్న దూరంలో కులం ఉంది, కూలి ఉంది, ఆస్పత్రి వ్యాపారం ఉంది.

ముందుగా మన ముందున్న అంకెలను చూద్దాం. 2015–16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య మహిళల్లో 3.2 శాతం మంది గర్భసంచి తీయించుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగు రాష్ట్రాలవే. 2019–21లో జరిగిన ఐదో సర్వేలోనూ ఈ పరిస్థితి మారలేదు. దేశ సగటు సుమారు 3 శాతం వద్దే ఉండగా ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9, తెలంగాణలో సుమారు 8 శాతం నమోదయ్యాయి. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. తెలుగు మహిళల గర్భసంచికి మిగతా దేశంలో లేని రోగమేదో ఉందని ఏ వైద్యశాస్త్రమూ చెప్పలేదు. కాబట్టి ఈ తేడాకు కారణాన్ని శరీరంలో కాక సమాజంలోనూ, వైద్య వ్యవస్థలోనూ వెతకాలి.

ఆపరేషన్ నాటికి సగటు మహిళ వయసు 34 ఏళ్లని నాలుగో సర్వే చెప్పింది. ఈ సంఖ్యను జాగ్రత్తగా చదవాలి. సర్వే 49 ఏళ్లు దాటిన వారిని అడగలేదు గనుక, యాభై దాటాక ఆపరేషన్ అయినవారు ఇందులో లేరు. అందువల్ల అసలు వయసు కంటే ఇది కొంత తక్కువగా కనిపిస్తుంది. ఆ మేరకు తగ్గించి చూసినా, ముప్పై నాలుగేళ్లకే లేదా అంతకంటే ముందే గర్భసంచి కోల్పోయిన మహిళలు లక్షల్లో ఉన్నారన్న వాస్తవం మారదు. సంపన్న దేశాల్లోనూ ఈ ఆపరేషన్ విరివిగానే జరుగుతుంది. అయితే అక్కడ ఎక్కువగా నలభై అయిదు ఏళ్ల ప్రాంతంలో, సహజంగా ముట్లుడిగే కాలానికి దగ్గరగా జరుగుతుంది. మన దగ్గర అంతకు పది, పదిహేనేళ్ల ముందే జరుగుతోంది. మన సమస్య సంఖ్యది ఎంతో, వయసుది అంతకంటే ఎక్కువ.

గణాంక నమూనాలు గుర్తించిన కారకాలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే అవి వైద్య చిహ్నాల్లాగా కాక ఒక జీవిత చరిత్రలాగా కనిపిస్తాయి. చదువు తక్కువ, పెళ్లి తొందర, కాన్పులు ఎక్కువ, ఊళ్లో నివాసం, ఇరవైల్లోనే కుటుంబ నియంత్రణ. తెలంగాణలో 20–24 ఏళ్ల మహిళల్లో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని ఐదో సర్వే చెబుతోంది. 57.6 శాతం మహిళలకు రక్తహీనత ఉంది. వివాహిత మహిళల్లో పదిమందికి ఆరుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. జరుగుతున్న కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటు ఆస్పత్రుల్లోనైతే 80 శాతానికి పైగా సిజేరియన్లే. అంటే ముప్పై ఏళ్లు వచ్చేసరికే ఒక మహిళ పొట్టపై రెండు మూడు కోతలు పడి ఉంటాయి. గర్భసంచి ఆపరేషన్ ఆ వరుసలో చివరిది.

ఊళ్లలో నేను విన్న మాటల సారాంశం కూడా ఇదే. ‘పిల్లలు పుట్టినంక ఇంక అదెందుకు?’ అన్న మాట ఎన్ని ఇళ్లలో విన్నానో లెక్కలేదు. ఆ మాట మహిళ నోటి నుంచి వస్తుంది గానీ దాన్ని తయారుచేసింది ఆమె కాదు. తెల్లబట్ట, నడుమునొప్పి, నెలసరిలో అధిక రక్తస్రావం. వీటితో ఆమె మొదట ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తుంది. అక్కడి నుంచి పట్టణంలోని నర్సింగ్‌హోమ్‌కు, స్కానింగ్‌కు వెళ్తుంది. పంపినవాడికి అందే కమీషన్ సంగతి ఊళ్లో అందరికీ తెలిసిన రహస్యమే. స్కానింగ్‌లో నీటిబుడగ కనిపిస్తుంది, ‘గర్భసంచికి పుండు అయింది’ అంటారు, ‘ఇట్లనే ఉంచితే క్యాన్సర్ అవుతుంది’ అంటారు. క్యాన్సర్ అన్న మాట పడ్డాక మరో ప్రశ్న వేసే ధైర్యం ఏ కూలి కుటుంబానికి ఉంటుంది? నిజానికి క్యాన్సర్‌ను నిర్ధారించే పరీక్షలు వేరే ఉన్నాయి. తెలంగాణలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షను జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్న మహిళలు వందకు నలుగురైనా లేరు. పరీక్ష లేని చోట భయమే రోగనిర్ధారణ అవుతోంది.

ఈ ఆపరేషన్ ఎప్పుడూ అనవసరమని నేను చెప్పడం లేదు. గర్భాశయ క్యాన్సర్, మందులకు లొంగని తీవ్ర రక్తస్రావం, పెద్ద గడ్డలు, బాగా కిందికి జారిన గర్భసంచి వంటి పరిస్థితుల్లో అది ప్రాణాన్ని కాపాడుతుంది, బతుకును సుఖపెడుతుంది. కానీ తెల్లబట్టకు చాలా సందర్భాల్లో మాత్రలు చాలు. అధిక రక్తస్రావానికి ఐరన్, రక్తస్రావాన్ని తగ్గించే మందులు, హార్మోన్ చికిత్స, గర్భసంచిలో అమర్చే హార్మోన్ సాధనం ఉన్నాయి. గడ్డను మాత్రమే తీసే పద్ధతి కూడా ఉంది. గర్భసంచితో పాటు అండాశయాలనూ తీసేస్తే మహిళ ఒక్కరోజులో ముట్లుడిగిన స్థితికి చేరుతుంది. ఎముకలు బలహీనపడతాయి, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. అండాశయాలను ఉంచినా అవి ముందుగానే పనిచేయడం తగ్గించే అవకాశం ఉంది. నలభై ఏళ్లు కూలి చేసి బతకాల్సిన శరీరానికి ఇది చిన్న నష్టం కాదు.

తెలుగు నేలకు ఈ చర్చ కొత్తది కాదు. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో మూడు జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. పేదలకు కార్పొరేట్ వైద్యం అందించిన ఆ పథకం ఎన్నో ప్రాణాలను నిలబెట్టింది. అదే సమయంలో ఆపరేషన్‌కు డబ్బులిచ్చి, ఆపరేషన్ అవసరం రాకుండా చేసే వైద్యానికి డబ్బులివ్వని పద్ధతిని అది స్థిరపరిచింది. 2009 ప్రాంతంలో మెదక్ జిల్లా మునిపల్లి మండలంలో డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి చేసిన అధ్యయనం, సరైన వైద్య కారణం లేకుండా చిన్న వయసులోనే జరుగుతున్న గర్భసంచి ఆపరేషన్లను వెలుగులోకి తెచ్చింది. విమర్శలు పెరిగాక ప్రభుత్వం నిబంధనలు బిగించింది. పథకం పరిధిలో తగ్గినవి పథకం వెలుపల, మహిళల సొంత అప్పులతో జరిగాయి. చేతిలో నగదు లేని ఇంట్లో వడ్డీకి తెచ్చిన డబ్బుతోనే గర్భసంచి పోయింది.

కూలికీ ఈ ఆపరేషన్‌కూ ఉన్న ముడిని మహారాష్ట్రలోని బీడ్ జిల్లా దేశం ముందు నగ్నంగా నిలబెట్టింది. అక్కడ చెరకు కోతకు భార్యాభర్తలను ఒక జతగా లెక్కించి ముందే అడ్వాన్సు ఇస్తారు. ఒక్కరోజు పని మానినా జరిమానా వేస్తారు. నెలసరి సెలవు లేదు, పొలంలో మరుగుదొడ్డి లేదు. మూడేళ్ల కాలంలో బీడ్ జిల్లాలోని 99 ప్రైవేటు ఆస్పత్రుల్లో 4,605 గర్భసంచి ఆపరేషన్లు జరిగాయని 2019లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే శాసనమండలిలో ప్రకటించింది. మన మూడు జిల్లాల్లో చెరకు కోత కూలీల జతలు లేవు. కానీ మహబూబాబాద్ మిరప చేలల్లో, భూపాలపల్లి పత్తి చేలల్లో, జనగామ వరి మడుల్లో పని మానితే కూలి పోయే లెక్క మాత్రం అదే. ప్రసవమైన కొద్ది వారాలకే బరువులెత్తే శరీరంలో గర్భసంచి జారడం సహజం. నెలకు నాలుగు రోజుల కూలి పోతుందని లెక్కవేసుకున్న మహిళకు ఆపరేషన్ ఒక పరిష్కారంగానే కనిపిస్తుంది. ఆ కూలి చేసే కులాలేవో ఈ పేజీ పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. కులాల వారీ జాతీయ సగటులను చూసి ‘దళిత, ఆదివాసీ మహిళలకే ఎక్కువగా గర్భసంచి తీసేస్తున్నారు’ అని ఒక్క వాక్యంలో తేల్చేయడం కుదరదు. ఆ సగటుల్లో తేడాలు ఒకే దిశలో లేవు. ఎందుకు లేవో మన మూడు జిల్లాల భూగోళమే చెబుతుంది. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుంచి పుట్టిన జిల్లాలివి. జనగామ హైదరాబాద్–వరంగల్ దారిలో ఉంది. ఇటు వెళ్లినా అటు వెళ్లినా నర్సింగ్‌హోమ్ దగ్గరే. మహబూబాబాద్ జనాభాలో మూడో వంతుకు పైగా ఎస్టీలు. తండాల్లో లంబాడీలు, గూడూరు, కొత్తగూడ, గంగారం అడవి పల్లెల్లో కోయలు ఉన్నారు. భూపాలపల్లిలో ఒకవైపు సింగరేణి గనుల పట్టణం ఉంటే, మరోవైపు గోదావరి ఒడ్డున పలిమెల, మహాముత్తారం వంటి మారుమూల మండలాలున్నాయి. జనగామ దగ్గరి దళితవాడ మహిళకు ఉన్న ముప్పు అనవసరపు ఆపరేషన్. పలిమెల గూడెంలోని ఆదివాసీ మహిళకు ఉన్న ముప్పు, గర్భసంచి జారి ఏళ్లు గడిచినా, రక్తస్రావంతో కుంగిపోతున్నా వైద్యం అందకపోవడం. ఒకరికి వైద్యం అతిగా వచ్చింది, మరొకరికి అసలు రాలేదు. ఇద్దరికీ అందనిది సరైన వైద్యం. సగటు తీస్తే ఈ రెండు అన్యాయాలూ ఒకదానినొకటి కొట్టేసుకుని అంతా బాగున్నట్టు కనిపిస్తుంది.

జరిగిన ఆపరేషన్ల రికార్డులతో శిక్షణ పొందిన నమూనా ఈ ఇద్దరిని ఎలా చూస్తుంది? జనగామ మహిళను ‘అధిక అవసరం’ జాబితాలో చేరుస్తుంది, పలిమెల మహిళను ‘తక్కువ అవసరం’ జాబితాలో పెడుతుంది. రెండూ తప్పే. ఇది నా ఊహ కాదు, ఇలాంటిది అమెరికాలో జరిగింది. అక్కడి ఆస్పత్రుల్లో విస్తృతంగా వాడిన ఒక కంప్యూటర్ నమూనాను జియాద్ ఒబెర్‌మేయర్, ఆయన సహచరులు పరిశీలించి 2019లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. ఆ నమూనా రోగి అవసరాన్ని కొలవడానికి అతనిపై అయిన వైద్య ఖర్చును కొలబద్దగా తీసుకుంది. నల్లజాతివారిపై వ్యవస్థ తక్కువ ఖర్చు పెడుతుంది గనుక, వారి రోగం కూడా తక్కువేనని అది తీర్మానించింది. ఆ లోపాన్ని సరిదిద్దితే అదనపు సహాయానికి ఎంపికయ్యే నల్లజాతి రోగుల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని వారు తేల్చారు. ఆ నమూనాకు జాతి వివరం ఇవ్వనే లేదు. అయినా వివక్ష లోపలికి వచ్చింది. కులం గడిని తొలగిస్తే కులం పోతుందని నమ్మే మన గణాంక నిపుణులు దీన్ని గుర్తుంచుకోవాలి. మండలం పేరు, కాన్పుల సంఖ్య, చదివిన తరగతి చాలు, యంత్రం కులాన్ని పోల్చుకుంటుంది.

అణగారిన మహిళల గర్భసంచిపై అధికారం ఎవరిదన్న ప్రశ్నకు ప్రపంచవ్యాప్త చరిత్ర ఉంది. అమెరికా పౌరహక్కుల నాయకురాలు ఫానీ లూ హామర్ 1961లో ఒక గడ్డను తీయించుకోవడానికి ఆస్పత్రికి వెళ్తే, ఆమె అనుమతి లేకుండానే గర్భసంచి తీసేశారు. మిసిసిపీ పత్తి చేలల్లో పనిచేసే నల్లజాతి మహిళలకు ఇది ఎంత మామూలైపోయిందంటే, ఆమె దానిని ‘మిసిసిపీ అపెండిసైటిస్ ఆపరేషన్’ అన్న అర్థం వచ్చే పేరుతో ఎద్దేవా చేశారు. మన దగ్గర అనుమతి పత్రం మీద వేలిముద్ర ఉంటుంది. కానీ వేరే చికిత్స ఉందని చెప్పకుండా, క్యాన్సర్ భయం చూపించి తీసుకున్న వేలిముద్రను సమ్మతి అని పిలవలేం.

బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసర ఆపరేషన్లపై డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇచ్చింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం ఆరోగ్య హక్కు 21వ అధికరణలో భాగమేనని మరోసారి స్పష్టం చేసింది. అనవసర ఆపరేషన్ల నివారణకు కేంద్రం 2022లో రూపొందించిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలులోకి తేవాలని ఆదేశించింది. జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో పర్యవేక్షణ కమిటీలు, నలభై ఏళ్లలోపు మహిళల విషయంలో ప్రత్యేక జాగ్రత్త, సమ్మతి లేకుండా ఆపరేషన్ చేసిన ఆస్పత్రులను నిషేధిత జాబితాలో చేర్చడం ఆ కేసులో ముందుకొచ్చిన అంశాలు. బాధితుల్లో అత్యధికులు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ మహిళలేనన్న విషయం కూడా ఆ కేసులో కోర్టు ముందుకు వచ్చింది. అత్యధిక శాతం నమోదైన తెలుగు రాష్ట్రాలు ఈ తీర్పును అందరికంటే ముందుగా తమ సొంత సమస్యగా స్వీకరించాలి.

ముందస్తు అంచనా సాంకేతికతను నేను పూర్తిగా తిరస్కరించడం లేదు. అది వస్తోంది, వచ్చి తీరుతుంది. 2022 మార్చిలో ములుగు, సిరిసిల్ల జిల్లాల్లో తెలంగాణ ప్రభుత్వం ప్రయోగాత్మకంగా ఇంటింటి ఆరోగ్య సమాచార సేకరణ మొదలుపెట్టింది. 2019 వరకు ములుగు భూపాలపల్లి జిల్లాలో భాగమే. సమాచారం పోగయిన చోట అంచనాల యంత్రం ఎలాగూ చేరుతుంది. అది ఎవరి చేతిలో ఉంటుందన్నదే ప్రశ్న. ‘పదహారేళ్లకు పెళ్లి, ముగ్గురు పిల్లలు, ఇరవై మూడేళ్లకు కుటుంబ నియంత్రణ, వ్యవసాయ కూలి, పదేళ్లలో గర్భసంచి పోయే ముప్పు ఎక్కువ’ అని ఒక మహిళ గురించి నమూనా చెప్పిందనుకుందాం. ఆ సమాచారం ఏఎన్ఎం చేతిలో ఉంటే ఐరన్ మాత్రలు, ఇన్ఫెక్షన్‌కు మందు, క్యాన్సర్ పరీక్ష, రెండో వైద్యుని అభిప్రాయం ఆమె గడప తొక్కుతాయి. అదే జాబితా ప్రైవేటు ఆస్పత్రికి చేరితే ఖాతాదారుల చిట్టా అవుతుంది. బీమా కంపెనీకి చేరితే ప్రీమియం పెంచే సాకు అవుతుంది.

ప్రభుత్వం వద్ద ఇందుకు కావలసిన పునాది లేకపోలేదు. 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ పథకం కింద తొలి విడత వంద కేంద్రాల్లో ప్రతి మంగళవారం మహిళలకు ప్రత్యేక పరీక్షలు ఏర్పాటు చేశారు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. మూడు జిల్లాలకూ ఇప్పుడు సొంత బోధనాసుపత్రి ఉంది. ఆపరేషన్ సలహా పొందిన ప్రతి మహిళకూ అక్కడ ఉచితంగా రెండో అభిప్రాయం చెప్పే విభాగాన్ని పెట్టడానికి కొత్త భవనాలేమీ అవసరం లేదు. కానీ మంగళవారం ఆస్పత్రికి వెళ్లాలంటే ఆ రోజు కూలి పోతుంది, ఆటో చార్జీ అదనం. ఈ రెండింటినీ భర్తీ చేయకుండా ‘మహిళల్లో అవగాహన లేదు’ అని నిందించడం తగదు.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ అంబేడ్కర్ మాట్లాడారు. మిల్లు కార్మికురాలు కాన్పు వేళ పొందే విశ్రాంతి యజమాని దయ కాదనీ, ఆ భారాన్ని ఆమె శ్రమ వల్ల లాభపడేవారూ ప్రభుత్వమూ మోయాలనీ ఆయన వాదన. దాదాపు వందేళ్లు గడిచాయి. పత్తి ఏరే, మిరప కోసే మహిళకు ఆ సూత్రం ఇంకా చేరలేదు. విశ్రాంతి ఖర్చును ఎవరూ భరించకపోవడంతో ఆమె దాన్ని తన శరీరంలోని ఒక అవయవంతో చెల్లిస్తోంది.

అందువల్ల నా ప్రతిపాదనలు ఇవి. ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగే ప్రతి గర్భసంచి ఆపరేషన్‌ను జిల్లా రిజిస్టరులో నమోదు చేయాలి. వయసు, వైద్య కారణం, అంతకుముందు ఇచ్చిన చికిత్స, అండాశయాలు తీశారా లేదా, డబ్బు ఎవరు చెల్లించారు అన్న వివరాలు అందులో ఉండాలి. పేర్లు తొలగించి దాన్ని ఏటా ప్రచురించాలి. కులం నమోదు ఎస్సీ, ఎస్టీ, బీసీ అన్న మూడు గడులతో ఆగకూడదు. 2024 నవంబరులో కుల సర్వే మొదలుపెట్టి, 2025 ఏప్రిల్ 14 నుంచి 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులుగా వర్గీకరిస్తూ చట్టం అమలు చేస్తున్న రాష్ట్రానికి ఉపకులాల వారీ వివరాలు సేకరించడం అసాధ్యం కాదు. కోయ మహిళనూ లంబాడీ మహిళనూ ఒకే గడిలో పెడితే ఇద్దరి బాధా కనిపించదు. నలభై ఏళ్లలోపు వారికి ఇద్దరు వైద్యుల ధ్రువీకరణ తప్పనిసరి కావాలి. జిల్లా కమిటీల్లో మహిళా సంఘాలకూ, ఆశా కార్యకర్తలకూ చోటుండాలి. ఏ అంచనా నమూనానైనా వాడే ముందు అది దేనిని కొలుస్తోందో బహిరంగంగా ప్రకటించాలి. ఆ సమాచారం ప్రైవేటు ఆస్పత్రులకూ, బీమా సంస్థలకూ అందకుండా నిషేధించాలి.

గణాంకశాస్త్రం, సామాజికశాస్త్రం చదువుతున్న విద్యార్థులు ఈ విషయంలో ఒక బాధ్యత తీసుకోవాలని నా విజ్ఞప్తి. పట్టికలో ‘గర్భసంచి తొలగింపు’ అన్న నిలువు వరుసను చూసినప్పుడల్లా అది రోగాన్ని కొలిచిందా, నిర్ణయాన్ని కొలిచిందా అని అడగండి. ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారని అడగండి. ఆపరేషన్ జరగని గడుల్లో ఉన్నది ఆరోగ్యమా, ఆస్పత్రి లేకపోవడమా అని అడగండి. కొత్తగూడ, పాలకుర్తి, పలిమెల మండలాల్లో ఈ ప్రశ్నలతో తిరిగి రాసిన ఒక్క పరిశోధనా వ్యాసం, నగరంలో కూర్చుని తయారుచేసిన పది అంచనా నమూనాల కంటే ఈ మహిళలకు ఎక్కువ మేలు చేస్తుంది.